నాన్న ఫీల్డ్‌లో, బెంగ ఇంట్లో: సైనిక విధులు తల్లీబిడ్డల మధ్య ఏం మారుస్తాయి

ఫీల్డ్ పోస్టింగ్ ఆర్డరు రాగానే జవాను ఇంట్లో ముందు తేలాల్సింది భార్యాపిల్లలు ఎక్కడుండాలన్నది. సరిహద్దు లాంటి ఫీల్డ్ ఏరియాలోకి కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు. కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌లో ఇచ్చిన క్వార్టరు ఎల్లకాలం ఉంచుకోనివ్వరు. విడిగా ఉండే కుటుంబాల కోసం సైన్యం కొన్ని స్టేషన్లలో కట్టించిన ఎస్‌ఎఫ్ (సెపరేటెడ్ ఫ్యామిలీ) క్వార్టర్స్‌లో చోటు కోసం పేరు రాయించుకుని ఎదురుచూడాలి. లేదంటే అత్తగారింటికో పుట్టింటికో చేరాలి. పిల్లల స్కూలు, గ్యాస్ కనెక్షన్, ఇంట్లో పెద్దవాళ్ల మందులు అన్నీ ఆ ఒక్క నిర్ణయంతో ముడిపడి ఉంటాయి. రెండు మూడేళ్లు గడిచేసరికి ఈ తంతు మళ్లీ మొదలు.

ఈ హడావుడిలో అందరి దృష్టీ వెళ్లేవాడి మీదే. అతని క్షేమం, అతని ఫోను, అతని లీవు. పిల్లలు నాన్న మీద బెంగ పెట్టుకుంటారేమోనన్న దిగులూ ఉంటుంది. అయితే గత ఎనభై ఏళ్లుగా జరిగిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే, బాగా చిన్న పిల్లల విషయంలో ఎక్కువ ఒత్తిడి పడేది ఇంట్లో మిగిలిన తల్లితో ఉన్న బంధం మీద. నాన్న లేడన్న సంగతి ఆ వయసులో పిల్లలకు చాలావరకు తల్లి ద్వారానే చేరుతుంది. నిద్రలేని కళ్లు, చిన్నదానికీ విసుక్కునే గొంతు, టీవీలో సరిహద్దు వార్తలు చూస్తూ అన్నం ముద్ద చేతిలోనే మరిచిపోవడం, ఇవన్నీ వాళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. తల్లే యూనిఫాం వేసుకుని వెళ్లాల్సి వస్తే లెక్క మరోలా ఉంటుంది. దాని సంగతి తర్వాత.

లండన్ బాంబుల కింద తెలిసింది

తల్లీబిడ్డల బంధం గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం యుద్ధం వల్లే తెలిసిందంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. 1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లో బ్రిటన్ ప్రభుత్వం బాంబు దాడుల భయంతో సుమారు 15 లక్షల మందిని నగరాల నుంచి పల్లెలకు తరలించింది. అందులో సగానికి పైగా అమ్మానాన్నలు వెంట లేని బడి పిల్లలు. తర్వాత 1941లో పిల్లల మనోవిశ్లేషకులు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం యుద్ధకాలపు నర్సరీలు తెరిచారు. బాంబు దాడుల్లో ఇల్లు పోయినవాళ్ల పిల్లలు, తండ్రి సైన్యంలో తల్లి పనిలో ఉన్న పిల్లలు అక్కడ పెరిగారు. వాళ్లను రోజూ దగ్గరుండి చూసిన ఈ ఇద్దరూ తేల్చింది ఏమిటంటే, తల్లి పక్కనే ఉండి ఆమె నిబ్బరంగా ఉంటే బాంబులు పడుతున్నా పిల్లలు పెద్దగా చెదరలేదు. తల్లి వణికితే పిల్లలూ వణికారు. ఏ ప్రమాదమూ లేని పల్లెకు పంపినా, తల్లికి దూరమైనవాళ్లు బాంబుల మధ్య తల్లి దగ్గర ఉన్నవాళ్లకన్నా ఎక్కువ కలతపడ్డారు.

ఆ నర్సరీల్లో బాయిలర్ చూసుకుంటూ చిల్లర మరమ్మతులు చేసే పనికి చేరిన జేమ్స్ రాబర్ట్‌సన్ కథ విచిత్రంగా ఉంటుంది. అన్నా ఫ్రాయిడ్ అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరినీ, ఆయనతో సహా, పిల్లల్లో గమనించినవి రాసిపెట్టమనేవారు. యుద్ధం ముగిశాక ఆయన మనోవైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర చేరి, ఆసుపత్రుల్లో తల్లికి దూరంగా ఉండాల్సి వచ్చిన పసివాళ్లను పరిశీలించారు. వాళ్లు ముందు ఏడ్చి గోల చేస్తారు. కొన్నాళ్లకు నీరసించి దిగాలు పడతారు. చివరికి ఏమీ పట్టనట్టు తయారవుతారు. ఈ మూడో దశకు వచ్చిన పిల్లాడిని చూసి పెద్దవాళ్లు "అలవాటు పడ్డాడులే" అని ఊపిరి పీల్చుకుంటారు. రాబర్ట్‌సన్, బౌల్బీ అసలు భయపడింది ఆ దశ గురించే. యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి మనోవైద్యుడిగా పనిచేసిన బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిన నివేదికతో ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది.

అమెరికా అనుభవం

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కాలంలో సుమారు 20 లక్షల మంది అమెరికన్ పిల్లల తల్లో తండ్రో యుద్ధరంగానికి వెళ్లారు. 2007 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం ఒక్కో విడత గడువును 12 నెలల నుంచి 15 నెలలకు పెంచింది. మరుసటి ఏడాది ఆగస్టులో మళ్లీ తగ్గించింది. పదిహేను నెలలంటే పెద్దవాళ్లు పళ్ల బిగువున గడిపేయొచ్చు. రెండేళ్ల పిల్లాడికి అది అప్పటిదాకా బతికిన బతుకులో సగం కన్నా ఎక్కువ.

ఆ కాలపు అధ్యయనాల్లో నాలుగు ఇక్కడ చెప్పుకోవాలి. సుమారు రెండున్నర లక్షల మంది సైనికుల భార్యల వైద్య రికార్డులు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, భర్త యుద్ధరంగంలో ఉన్నవాళ్లకు డిప్రెషన్, ఆందోళన, నిద్రలేమి ఎక్కువగా కనిపించాయి. అతను పదకొండు నెలలు దాటి అక్కడే ఉంటే ఇంకా పెరిగాయి. 2007లో వచ్చిన మరో అధ్యయనం చదవడానికే కష్టంగా ఉంటుంది. పిల్లల పట్ల దురుసుతనమో నిర్లక్ష్యమో రుజువైన 1,771 సైనిక కుటుంబాలను తీసుకుని, సైనికుడు ఇంట్లో ఉన్న కాలాన్నీ లేని కాలాన్నీ పోల్చి చూశారు. లేనప్పుడు ఈ ఘటనల రేటు 42 శాతం ఎక్కువ. ఇంట్లో మిగిలిన తల్లుల విషయంలో పిల్లల్ని కొట్టడం దాదాపు రెట్టింపు, పట్టించుకోకపోవడం దాదాపు నాలుగు రెట్లు.

ఈ లెక్క చూసి సైనికుల భార్యలు పిల్లల్ని హింసిస్తారని తీర్మానించేస్తే తప్పు. అధ్యయనానికి తీసుకున్నవే ఒకసారైనా సమస్య బయటపడ్డ కుటుంబాలు. దీన్నుంచి తెలిసేది వేరు. అవే ఇళ్లు, అదే తల్లి. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెకు పిల్లల్ని చూసే ఓపిక పోయింది. కొట్టడం కన్నా పట్టించుకోకపోవడం అంతగా పెరగడం కూడా ఆ వైపే చూపిస్తోంది.

తల్లి కుంగుబాటుతోనే అంతా అయిపోతుందా అంటే అదీ లేదు. అమెరికా సైనిక దళాల్లో ఒకటైన మెరైన్ల స్థావరంలోని శిశు కేంద్రాల పిల్లల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో, తల్లి మానసిక స్థితిని లెక్కలోంచి తీసేసి చూసినా, మూడు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో మొండితనం, గొడవ ఎక్కువే కనిపించాయి. కాస్త ఊహ తెలిసి, కారణం మాత్రం అర్థంకాని వయసది. తమ మీద కోపంతోనే నాన్న వెళ్లిపోయాడని అనుకోగల వయసు కూడా. ఇక పదకొండు నుంచి పదిహేడేళ్ల వాళ్ల మీద 2010లో వచ్చిన మరో అధ్యయనం, దూరంగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ ఇబ్బందులూ పెరిగాయని, తండ్రి తిరిగొచ్చాక సర్దుకోవడం ఆడపిల్లలకు మరీ కష్టమైందని చెప్పింది. ఎందుకు ఆడపిల్లలకే అంటే, జవాబు ఇంటి పనిలో వెతకాలి.

ఇంట్లో మారే పాత్రలు

తండ్రి రైలెక్కిన వారం పది రోజుల్లో ఇంట్లో పనులు చేతులు మారతాయి. పదేళ్ల కూతురు తమ్ముడికి అన్నం పెట్టడం మొదలుపెడుతుంది. అమ్మ ఏడిస్తే పక్కన కూర్చుని ఊరుకోబెడుతుంది. బ్యాంకులో డబ్బులెంత ఉన్నాయో, నానమ్మకూ అమ్మకూ ఎందుకు పడటం లేదో ఆ పిల్లకు తెలిసిపోతుంది. చుట్టాలు చూసి "ఎంత ఆరిందా అయింది" అని మెచ్చుకుంటారు. అమ్మాకూతుళ్ల మధ్య సాన్నిహిత్యం పెరిగినట్టే కనిపిస్తుంది, కొంత పెరుగుతుంది కూడా. కానీ ఆ పిల్ల తన బాధ చెప్పుకోవడం మానేస్తుంది, అమ్మకు ఇప్పటికే ఉన్నవి చాలని. నాన్న లీవుకు రాగానే అమ్మ పక్కన ఆ చోటు ఆయనదవుతుంది. ఇన్నాళ్లూ ఇంటిని నడిపిన మనిషిని మళ్లీ "నీకెందుకు, పోయి చదువుకో" అంటారు. అప్పుడు వచ్చే అలకకు పేరు తెలియక పెద్దవాళ్లు దాన్ని పొగరంటారు.

మగపిల్లాడి భుజం మీద వేసే మాట మరొకటి ఉంది. స్టేషన్‌లో దిగబెట్టడానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఆరేళ్ల వాడి తల నిమిరి "ఇక ఇంటికి నువ్వేరా మగదిక్కు" అంటారు. ముద్దుగానే అంటారు. వాడు నిజంగానే తీసుకుంటాడు. రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసి వస్తాడు, అమ్మ పక్కనే పడుకుంటానంటాడు, స్కూలుకు వెళ్లనని కడుపునొప్పి తెచ్చుకుంటాడు. తల్లిని వదిలి వెళ్తే ఆమెకేమైనా అవుతుందన్నది వాడి టెన్షన్. దీన్ని అమ్మకూచితనమని నవ్వేయడం అన్యాయం. పెద్దవాళ్లు అప్పగించిన డ్యూటీయే వాడు చేస్తున్నాడు.

"మీ నాన్న రానీ, నీ పని చెప్తా" అన్న బెదిరింపు తెలుగిళ్లలో కొత్తదేం కాదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చే నాన్న విషయంలో అది రెండు గంటల బెదిరింపు. ఆరు నెలలకోసారి వచ్చే నాన్న విషయంలో, ఆ ఆరు నెలలూ పిల్లల మనసులో ఆయనొక జడ్జిగా పెరుగుతూ ఉంటాడు. తీరా వచ్చిన మనిషి బొమ్మలూ క్యాంటీన్ చాక్లెట్లూ పట్టుకొచ్చి, అడిగిందల్లా ఇచ్చేస్తాడు. అమ్మ పెట్టిన నియమాలన్నీ వారంలో గాలికి పోతాయి. అతను వెళ్లిపోయాక వాటిని మళ్లీ నిలబెట్టాల్సింది ఆమే. పిల్లల కళ్లలో చెడ్డదయ్యేదీ ఆమే.

భారత సైన్యంలో జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. అది రెండు మూడు విడతలుగా దొరుకుతుంది. అమెరికా కుటుంబానిది ఒక పెద్ద ఎడబాటు, ఒక పెద్ద రాక. మన జవాను ఇంట్లో చిన్న చిన్న ఎడబాట్లు ఏళ్ల తరబడి సాగుతాయి. ముప్ఫై రోజుల లీవునే తీసుకోండి. ఏడాదిన్నర పిల్లాడు మొదటి వారం కొత్త చేస్తాడు. తల్లి కుచ్చిళ్ల వెనక నక్కి తొంగిచూస్తాడు, నాన్న ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడుస్తాడు, రాత్రి మంచం మీద ఆ కొత్త మనిషిని కాళ్లతో తోసేస్తాడు. రెండో వారానికి దగ్గరికొస్తాడు. మూడో వారం చంక దిగడు. నాలుగో వారం పెట్టె సర్దడం మొదలవుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు ఈ పిల్లాడు ఒక మనిషిని కొత్తగా ప్రేమించి పోగొట్టుకుంటున్నాడన్నమాట. ఆ ప్రతిసారీ జ్వరమో, పక్క తడపడమో, అమ్మను కొట్టడమో జరిగితే దాన్ని భరించేది తల్లి.

మొదటి వారంలో పిల్లాడు ఏడ్చినప్పుడు తండ్రి ముఖం మాడిపోతుంది. పిల్లాడిని తన మీదికి ఎక్కించి చెప్పిందేమోనని భార్యను అనుమానించే మగవాళ్లూ ఉంటారు. నిజానికి ఆ ఏడుపు తల్లితో బంధం గట్టిగా ఉందనడానికి గుర్తు. ఎవరైనా చేయి చాపగానే వెళ్లిపోయే పిల్లాడి గురించే ఆలోచించాల్సింది. అమెరికాలో సైనికులు కథల పుస్తకం చదువుతుండగా రికార్డు చేసి ఇంటికి పంపే ఏర్పాటు 1989లో మొదలైంది. దాన్ని ప్రారంభించిన మహిళ నౌకాదళ వైద్యుడి భార్య. వియత్నాం కాలంలో భర్త తిరిగొచ్చినప్పుడు కూతురు అతన్ని గుర్తుపట్టలేదు. ఇలాంటి రికార్డింగు ఉంటే పాప రోజూ నాన్న గొంతు వినేది అమ్మ ఒళ్లో కూర్చునే కాబట్టి, గొంతు పరిచయం కావడంతో పాటు అది అమ్మ ఇష్టపడే మనిషి గొంతని కూడా పిల్లకు తెలుస్తుంది.

వీడియో కాల్ ఇంతటి పని చేస్తుందా? 2025 జనవరిలో సియాచిన్‌కు సైతం 4జీ, 5జీ నెట్‌వర్క్ చేరింది, ముఖం చూపించుకోవడం తేలికైంది. అయితే రెండేళ్ల పిల్లాడు ఫోన్ ముందు నిమిషం కూర్చుని లేచిపోతాడు. "నాన్నకు ముద్దు పెట్టు, పాట పాడు" అని తల్లి వాడి వెంట పరుగెడుతుంది. మాటాడకపోతే అవతల నాన్న చిన్నబోతాడని ఆమె బాధ. ఇంకో చిక్కూ ఉంది. రోజూ వచ్చే కాల్ ఒకరోజు రాకపోతే, ఉత్తరాల కాలంలో లేని భయం అరగంటలో ఇల్లంతా నిండిపోతుంది. 2025 మేలో సెలవులో ఉన్నవాళ్లను వెనక్కి పిలిపించినప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు ఏం జరుగుతోందో తెలుసుకున్నది టీవీలోంచి కన్నా, ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్న అమ్మను చూసే.

తల్లే వెళ్లాల్సి వస్తే

1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికా సుమారు 40 వేల మంది మహిళలను పంపింది. పసిబిడ్డను అమ్మమ్మ, తాతయ్యల చేతికిచ్చి విమానం ఎక్కుతున్న తల్లుల ఫోటోలు పత్రికల్లో వచ్చాక పెద్ద దుమారం రేగింది. తండ్రులు వెళ్లినప్పుడు ఎవరికీ గుర్తురాని ప్రశ్నలు తల్లులు వెళ్లేసరికి గుర్తొచ్చాయి. పసిపిల్లల తల్లుల్ని పంపకూడదంటూ వచ్చిన బిల్లులు నెగ్గలేదు. ఒంటరి తల్లులు, భార్యాభర్తలిద్దరూ సైన్యంలో ఉన్నవాళ్లు తాము లేనప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారో ముందుగానే రాసివ్వాలన్న నిబంధన అక్కడ ఉంది. కాగితం మీద అది పకడ్బందీగానే ఉంటుంది. 2009లో జార్జియా రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్ల ఒంటరి తల్లి, సైన్యంలో వంటమనిషి, అఫ్గానిస్థాన్ విమానం ఎక్కలేదు. తన ఏడాది నిండని కొడుకును చూస్తానన్న ఆమె తల్లి అప్పటికే ఇంట్లో జబ్బు మనుషుల్ని చూసుకుంటూ, డేకేర్ నడుపుతూ, మనవడిని వల్లకాదని వెనక్కి తెచ్చేసింది. సైనికురాలిని అరెస్టు చేశారు. 2010 మొదట్లో కోర్టు మార్షల్ లేకుండా ఉద్యోగంలోంచి పంపేశారు. ఆ నిబంధన అమ్మమ్మ భుజాల మీద నడుస్తోందని, ఆ భుజాలకూ ఒక హద్దు ఉందని సైన్యానికి తెలియాల్సి వచ్చింది.

ప్రసవమైన నాలుగు నెలలకే యుద్ధరంగానికి పంపొచ్చన్న నియమం అమెరికా ఆర్మీలో 2008 దాకా ఉండేది. అప్పుడు ఆరు నెలలు చేశారు, 2022లో ఏడాది చేశారు. అక్కడి నేవీ 2007లోనే ఏడాదికి మార్చింది. ఆరో నెల నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలు ఫలానా మనిషే కావాలని పట్టుబట్టడం మొదలవుతుంది. అంటే ఆరు నెలలకు పంపడం అసలు సమయం చూసి విడదీసినట్టే. ఏడాదికి పంపడం కూడా ఆ వయసు మధ్యలోనే పడుతుంది, తల్లిపాలకు మాత్రం వెసులుబాటు దొరికింది.

అలాగని తల్లి వెళ్తే బిడ్డ పాడైపోతాడనుకోవడానికీ ఆధారం లేదు. అమెరికా నేవీలో ఓడ విధులకు వెళ్లొచ్చిన తల్లుల పిల్లల్లో దిగులు, భయం కొంత ఎక్కువగా కనిపించినా, ఎక్కువమంది మామూలు హద్దుల్లోనే ఉన్నారు. తేడా తెచ్చేది బిడ్డ ఎవరి చేతిలో ఉన్నాడన్నది. హాంప్‌స్టెడ్ నర్సరీల్లో మొదట పిల్లలందరినీ సిబ్బంది అంతా కలిసి చూసేవారు. తర్వాత నలుగురైదుగురికి ఒక్కో ఆయాను అమ్మలా కేటాయించారు. వెంటనే అసూయలు, ఏడుపులు మొదలయ్యాయి, దాంతో పాటు మాటలూ శుభ్రతా కూడా త్వరగా వచ్చాయి. పట్టుకోవడానికి ఒక మనిషి దొరికాకే వాళ్లు పెరిగారు.

అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లిన తల్లి తిరిగొచ్చాక ఎదురయ్యే గాయం ఇక్కడే ఉంది. బిడ్డ అమ్మమ్మను "అమ్మా" అంటాడు, కన్నతల్లిని పేరుతో పిలుస్తాడు. కువైట్ ఇళ్లలో పనికెళ్లే కడప, కోనసీమ తల్లులకు ఈ అనుభవం తెలుసు. అది కృతఘ్నత అనిపిస్తుంది. కానీ ఒక మనిషిని గట్టిగా పట్టుకోగలిగిన పిల్లాడు రెండో మనిషినీ పట్టుకోగలడు. తల్లి రాగానే అమ్మమ్మను ఊరికి పంపేస్తే మాత్రం వాడికి అది రెండో ఎడబాటు అవుతుంది. కొన్ని వారాలు ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటే మేలు, ఎంత చిరాగ్గా ఉన్నా సరే.

యుద్ధం చూసి వచ్చినవాళ్ల విషయంలో ఇంకొకటుంది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన తండ్రుల మీద జరిగిన పరిశోధనల్లో, పీడకలలూ ఉలికిపాట్ల కన్నా, మనసు మొద్దుబారిపోవడమే పిల్లలతో సంబంధాన్ని ఎక్కువగా దెబ్బతీసిందని తేలింది. కోప్పడే మనిషి కన్నా, నవ్వినా ఏడ్చినా ముఖంలో ఏ కదలికా లేని మనిషి పిల్లలకు కష్టం. తల్లులకూ ఇది వర్తిస్తుందని ఊహించడం పెద్ద కష్టమేం కాదు.

మన దగ్గర మారుతున్నది

భారత సైన్యంలో వైద్య, నర్సింగ్ విభాగాలు కాక ఇతర శాఖల్లోకి మహిళా అధికారులు వచ్చింది 1992 నుంచి. సీఆర్‌పీఎఫ్ మొదటి మహిళా బెటాలియన్ 1986లో ఏర్పడింది. 2007లో ఐరాస తరఫున లైబీరియా వెళ్లిన వందకు పైగా మహిళల భారత పోలీసు దళంలో పిల్లల తల్లులూ ఉన్నారు. 2021 మేలో 83 మంది మహిళలు సైనిక పోలీసు విభాగంలో జవాన్లుగా చేరారు. మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ (రిటైరయ్యేదాకా సర్వీసు) ఇవ్వాలన్న కేసులో కేంద్రం గర్భం, మాతృత్వం, ఇంటి బాధ్యతలను కారణాలుగా చూపితే, 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. తల్లి కాబట్టి పనికిరాదనడం తప్పే. అయితే హక్కు వచ్చాక అంగన్‌వాడీ వయసు పిల్లాడి సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, దాన్ని తండ్రులకూ వేయాలి.

జవాను భార్యకు ఆసరా ఏమిటన్నది మన దగ్గర ఎక్కువగా ఊరిని బట్టి ఉంటుంది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి చోట, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊళ్లో, అత్తగారికీ పక్కింటి పిన్నికీ ఈ బతుకు తెలుసు. పిల్లాడు కొత్త చేస్తే నవ్వుతారు, కోడలు రాత్రిళ్లు నిద్రపోకపోతే పిల్లల్ని తమ దగ్గర పడుకోబెట్టుకుంటారు. ఊరి మొత్తానికి ఒక్కడే మిలిటరీలో ఉన్న చోట ఆగస్టు 15న సన్మానం దొరుకుతుంది, నిద్రపట్టని రాత్రికి తోడు దొరకదు. ఎస్‌ఎఫ్ క్వార్టర్స్ మేలు ఇక్కడే తెలుస్తుంది. గోడలు పెచ్చులూడినా, పక్క ఇంట్లోనూ ఇదే కథ.

2023 నవంబరులో రక్షణ శాఖ అధికారులకున్న ప్రసూతి, శిశు సంరక్షణ సెలవులను మహిళా జవాన్లకు, నావికులకు, వాయుసైనికులకు వర్తింపజేసింది. ఇద్దరు పిల్లల వరకు ఒక్కో ప్రసవానికి 180 రోజులు. ఆపై పిల్లలు పద్దెనిమిదేళ్లు దాటేలోపు సర్వీసు మొత్తానికి 360 రోజుల శిశు సంరక్షణ సెలవు. ఒక బిడ్డకే పద్దెనిమిదేళ్లకు పరిచితే ఏడాదికి 20 రోజులు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న తల్లులు ఇలాంటి సెలవును పదో తరగతికీ ఇంటర్ పరీక్షలకూ దాచుకోవడం మనకు అలవాటు, ఈఏపీసెట్ ర్యాంకు టెన్షన్ ఉన్న ఇళ్లలో అది సహజం కూడా. పై అధ్యయనాల్లో కనిపించినదాన్ని బట్టి చూస్తే మాత్రం, సైన్యంలోని తల్లికి ఈ రోజులు ఎక్కువగా అక్కరకొచ్చేది బిడ్డకు ఐదేళ్లు నిండేలోపు, అందులోనూ ఫీల్డ్ నుంచి తిరిగొచ్చిన మొదటి రెండు నెలల్లో.